తోలు సంచి : కొలత, కోత, కుట్టు

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఏ అణువు గురించో, ఏ నక్షత్రం గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను సంచి గురించి రాస్తానన్నాను. నవ్వారు. నవ్వినవాళ్ళలో ఇద్దరి భుజాల మీద జిప్పు ఊడిన సంచులున్నాయి. ఆ ధైర్యంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మనలో ప్రతి ఒక్కరం రోజూ కొంత సామాను మోసుకు తిరుగుతాం. నోటుపుస్తకం, పెన్ను, సెల్‌ఫోను, దాని ఛార్జరు, కళ్ళజోడు, తాళంచెవులు, పర్సు, వానాకాలమైతే గొడుగు. వీటిని మోసే సంచిని మాత్రం కొట్టులో రంగు చూసి కొంటాం. తరువాత మన సామాను ఆ సంచికి తగ్గట్టు సర్దుకోవాలి. అలా కాకుండా, మన సామానుకు సరిపోయే సంచిని తోలుతో ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. కుట్టు మిషను అక్కరలేదు. జామెట్రీ బాక్సు, మంచి కత్తి, రెండు సూదులు, కొంచెం ఓపిక ఉంటే చాలు. అయితే ఆ పనికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం తప్పి నేనొకసారి దెబ్బతిన్నాను. ముందు ఆ సంగతి చెప్పి తరువాత పాఠంలోకి వస్తాను.

మొదటి సంచి

కొన్నేళ్ళ క్రితం ఒక తోలు ముక్క చూసి ముచ్చటపడి కొన్నాను. కొలతలేమీ వేయలేదు. సుద్దముక్కతో గీత గీశాను, కత్తిరించాను. మిగిలిన అంచులో పొడుగ్గా కనిపించిన చోట భుజం పట్టీ కోశాను. స్కూటరు సీట్లు కుట్టే మిషను మీద గంటలో కుట్టించేశాను. చూడటానికి బాగానే ఉంది. నలుగురూ మెచ్చుకున్నారు కూడా. మూడు నెలలకు పట్టీ నాలుగు వేళ్ళ మేర సాగింది. ఒక వాన సాయంత్రం, బస్సు ఎక్కబోతుంటే, పట్టీ దగ్గర కుట్టు ఒక్కసారిగా ఊడిపోయి సంచి బురదలో పడింది. అందులో ఒక విద్యార్థి ప్రాక్టికల్ రికార్డు ఉంది. మర్నాడే పరీక్ష. ఆ పిల్లవాడు రాత్రంతా కూర్చొని రికార్డు మళ్ళీ రాసుకున్నాడు. తప్పుడు కుట్టు నాది, శిక్ష అతనికి పడింది.

మర్నాడు ఆ సంచిని మా కాలేజీ గేటు ఎదుట వేపచెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన సంచిని తిరగేసి, బోర్లించి, లోపల వేళ్ళు పెట్టి చూసి అన్నాడు:

“సారూ, ఇందులో ఏం పెట్టుకుంటారో అడక్కుండా కోశారు దీన్ని.”

“పట్టీ ఎందుకు సాగింది పెద్దాయనా?”

“పొట్ట తోలు సారూ ఇది. సాగక ఏం చేస్తుంది? వెన్ను తోలు కోసుకోవాలి పట్టీకి. పైగా మిషను కుట్టు. ఒకచోట తెగిందంటే వరసగా జారిపోద్ది.”

మూడు మాటల్లో మూడు తప్పులు చెప్పాడు. కొలత లేదు, కోత తప్పు, కుట్టు తప్పు. ఆ తరువాత చాలా సాయంత్రాలు ఆయన పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను. ఈ వ్యాసంలో లెక్కలు నావి. పని మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నది.

1. కొలత

సంచి రూపకల్పన తోలుతో మొదలు కాదు, సామానుతో మొదలవుతుంది. వారం రోజులపాటు ఒక కాగితం దగ్గర పెట్టుకొని, సంచిలోంచి నిజంగా బయటికి తీసి వాడిన వస్తువులన్నీ రాసుకోండి. వారమంతా చెయ్యి పడని వస్తువును జాబితాలోంచి కొట్టేయండి. ‘ఎందుకైనా మంచిది’ అని మోసే సామానే సగం బరువు.

నా జాబితాలో చివరికి మిగిలినవి ఇవి: ఏ5 నోటుపుస్తకం (21 × 14.8 సెం.మీ., మందం 1.5), సెల్‌ఫోను, ఛార్జరు, కళ్ళజోడు పెట్టె (16 × 6 × 3.5), మడత గొడుగు (పొడవు 24, మందం 5), పర్సు, తాళంచెవులు, పెన్ను. కూరగాయల కొట్టు త్రాసులో పెడితే అన్నీ కలిపి 1,220 గ్రాములు తూగాయి. నీళ్ళ సీసాను కావాలనే తీసేశాను. లీటరు నీళ్ళంటే కిలో బరువు, అంటే మిగతా సామానంతటికీ దాదాపు సమానం. పైగా మూత వదులైతే తోలు మీద మరకలు పడతాయి. సీసాను విడిగా చేతి సంచిలో పెట్టుకుంటే రెండింటికీ మంచిది.

ఇప్పుడు సామానును బల్ల మీద, సంచిలో ఎలా ఉండాలో అలా పేర్చండి. నోటుపుస్తకం పొడవు అంచు మీద వెనకవైపు నిలబడుతుంది. దాని ముందు అడుగున గొడుగు అడ్డంగా పడుకుంటుంది. గొడుగు మీద కళ్ళజోడు పెట్టె. దీన్నిబట్టి సంచి లోపలి కొలతలు వస్తాయి. వెడల్పు గొడుగునుబట్టి 24, సులువుగా తీయడానికి 2 కలిపితే 26 సెం.మీ. లోతు పుస్తకం 1.5, గొడుగు 5, కాస్త వెసులుబాటు కలిపి 7. ఎత్తు పుస్తకం 14.8, పైన చెయ్యి దూరడానికి మూడు కలిపి 18. చూడండి, ఇందులో ఒక్క అంకె కూడా నేను ఊహించి వేసింది కాదు. మీ సామాను వేరైతే మీ అంకెలు వేరవుతాయి.

2. కాగితం

లోపలి కొలత వేరు, కోసే ముక్క కొలత వేరు. ప్రతి కుట్టుకూ అంచు వదలాలి. ఒక్కో వైపు ఒక సెంటీమీటరు వదిలితే ముక్కలు ఇలా వస్తాయి:

ముందు ముక్క: 28 × 20 సెం.మీ.

వెనుక ముక్క, పైమూత కలిపి ఒకే ముక్క: 28 × 40. అందులో వీపు 20, సంచి లోతు దాటడానికి 7, ముందుకు వాలే మూత 13.

పక్కపట్టీ, అంటే ఒక పక్కనుంచి దిగి, అడుగుగా తిరిగి, రెండో పక్క ఎక్కే పట్టీ: వెడల్పు 9 (లోతు 7, అంచులు 2).

లోపలి జేబు: 20 × 14.

పక్కపట్టీ పొడవు దగ్గరే చాలామంది తప్పుతారు. కుట్టు గీత ముక్క అంచునుంచి అర సెంటీమీటరు లోపలికి ఉంటుంది. అంటే అడుగున 27, ఒక్కో పక్క 19.5. మొత్తం 66 సెం.మీ. అయితే అడుగు మూలలను గుండ్రంగా కోస్తాం. చదరపు మూలలో కుట్టు సాగిపోయి త్వరగా చిరుగుతుంది. చదరపు మూల చుట్టి వెళ్ళే దారి వ్యాసార్థానికి రెండు రెట్లు. గుండ్రపు మూలలో అదే దారి పావు వృత్తం, అంటే వ్యాసార్థానికి 1.57 రెట్లు. మూలకు 0.43 రెట్లు ఆదా. కుట్టు గీత వ్యాసార్థం 2.5 సెం.మీ. అయితే రెండు మూలలకూ కలిపి దాదాపు 2.15 తగ్గుతుంది. కాబట్టి అసలు కావలసింది 64 సెం.మీ. మాత్రమే. అయినా 66 కోసి, కుట్టడం పూర్తయ్యాక పైన మిగిలింది కత్తిరించాలి. తోలును తరువాత తగ్గించవచ్చు గాని పెంచలేం.

ఈ కొలతలతో పాత క్యాలెండరు అట్టలు కోసి, అంటుకాగితంతో అతికించి ఒక నమూనా సంచి చేయండి. అందులో మీ సామాను నిజంగా పెట్టి, ఒక రోజు ఇంట్లో భుజాన వేసుకు తిరగండి. గొడుగు తీయబోతే పుస్తకం అడ్డొస్తోందా? మూత పొట్టిగా ఉందా? ఇప్పుడు దిద్దుకుంటే పోయేది అట్టముక్క. పెద్దాయన మాటల్లో చెప్పాలంటే, “కాయితం మీద ఎన్ని తప్పులైనా చెయ్యండి సారూ, తోలు మీద ఒక్కటీ చెయ్యకండి.” గుడ్డలో సూది గుచ్చి తీస్తే పోగులు మళ్ళీ కలుసుకుంటాయి. తోలులో వేసిన రంధ్రం పూడదు. అది అక్కడే ఉంటుంది, అందరికీ కనిపిస్తూ.

3. ఏ తోలు?

పచ్చి చర్మం పీచుపోగులతో అల్లిన చాప లాంటిది. అలాగే వదిలేస్తే కుళ్ళుతుంది, ఎండబెడితే చెక్కలా బిగుస్తుంది. ఆ పోగులను పట్టి నిలిపే పదార్థం ఎక్కించడమే తోలు ఊనడం. మన దక్షిణదేశంలో అందుకు తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. దసరా రోజుల్లో బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు, ఆ చెట్టుదే. తంగేడు చెక్కతో ఊనిన దక్షిణదేశపు తోలు ‘ఈస్ట్ ఇండియా తోలు’ అనే పేరుతో విదేశాలకు ఎగుమతి అయ్యేది. రెండో పద్ధతి క్రోమియం లవణాలతో ఊనడం. 1884లో ఆగస్టస్ షుల్జ్ అనే ఆయన అమెరికాలో దీనికి పేటెంటు పొందాక ఇది పరిశ్రమల్లోకి వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ తోలు ఈ పద్ధతిలోనే తయారవుతోంది. ఈ విషయాలన్నీ పరిశోధించడానికి చెన్నైలో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధనా సంస్థ పనిచేస్తోంది. రసాయనశాస్త్రం విద్యార్థులు దాన్ని గుర్తుపెట్టుకుంటే మంచిది.

క్రోము తోలు మెత్తగా ఉంటుంది, తడికి ఓర్చుకుంటుంది. చెక్కతో ఊనిన తోలు బిగువుగా ఉండి ఆకారం నిలుపుకుంటుంది, అంచులు రుద్దితే నున్నబడతాయి. చేతితో కుట్టే మన సంచికి ఇదే అనువు. రంగు వేయని చెక్క తోలు మీద నీటిచుక్క వేస్తే ఆ చోటు నల్లబడుతుంది. రంగు లోపలిదాకా ఎక్కని క్రోము తోలును కోసి చూస్తే మధ్యలో నీలి బూడిద రంగు కనిపిస్తుంది. కొనేటప్పుడు ఈ రెండు పరీక్షలూ చేయండి.

మందం రెండు మిల్లీమీటర్లు చాలు. మందంగా ఉంటే గట్టిది అనుకోవడం పొరపాటు, మోయవలసింది మనమే. పైన చెప్పిన నాలుగు ముక్కల వైశాల్యం 2,554 చదరపు సెంటీమీటర్లు. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. అడుగు చదరం 929 చదరపు సెంటీమీటర్లు కాబట్టి మనకు రెండూముప్పావు అడుగులు కావాలి. మచ్చలు, వంకరలు, వృథా పోగా నాలుగు అడుగులు కొనాలి. భుజం పట్టీకి విడిగా, మూడు మిల్లీమీటర్ల మందమున్న వెన్ను తోలు పట్టీలు, మూడున్నర సెం.మీ. వెడల్పువి, ఒకటి 110, ఒకటి 35 సెం.మీ. పొడవుకు తీసుకోవాలి. అన్నీ కలిపి సంచి బరువు సుమారు 700 గ్రాములు వస్తుంది. సామానుతో రెండు కిలోల లోపు. ఖాళీ సంచి తన సామాను కంటె బరువుగా ఉంటే ఆ రూపకల్పన తప్పినట్టే.

4. కోత

తోలు అంతా ఒకటి కాదు. వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న భాగంలో పోగులు దట్టంగా అల్లుకొని ఉంటాయి. పొట్ట దగ్గర వదులుగా ఉండి సాగుతాయి. తోలు ముక్కను రెండు చేతులతో పట్టి రెండు దిక్కులా లాగి చూస్తే ఏ వైపు సాగుతుందో తెలుస్తుంది. భుజం పట్టీని వెన్ను వెంట పొడవుగా కోసినదే కొనండి. వీపు, మూత ఉన్న పెద్ద ముక్కను సాగని దిశ నిలువుగా వచ్చేలా పెట్టి కోయండి. సాగే చోటు వస్తే లోపలి జేబుకు వాడుకోండి. అక్కడ బరువు పడదు.

అట్ట నమూనాను తోలు మీద పెట్టి, మొండి సూదితో చుట్టూ గీత గీయండి. పెన్ను వాడితే సిరా పోదు. కత్తి పదునుగా ఉండాలి. స్టీలు స్కేలు ఆనించి, ఒకే లాగుతో కాక రెండు మూడు సార్లుగా కోయండి. చెయ్యి ఎప్పుడూ కత్తి దారికి ఎదురుగా ఉండకూడదు. పక్కపట్టీ అంచులు మడిచి కుట్టాలి కాబట్టి, అక్కడ లోపలివైపు తోలును చెక్కి సగం మందానికి తేవాలి. ఈ పనికి పెద్దాయన వాడేది రంపె. మనం కొత్త బ్లేడు వాడవచ్చు గాని, ముందు పనికిరాని ముక్కల మీద పది సార్లు అలవాటు చేసుకోవాలి.

5. కుట్టు

మిషను కుట్టులో రెండు దారాలుంటాయి, ఒకటి పైన, ఒకటి కింద. రెండూ తోలు మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకొని ఉంటాయి. ఒకటి తెగితే రెండోదానికి పట్టు ఉండదు. అందుకే నా మొదటి సంచి వరసగా ఊడిపోయింది. చేతికుట్టులో ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరిపోతాయి. ఒకచోట దారం తెగినా, అదే రంధ్రాల్లోంచి పోయే రెండో పేట పట్టి ఉంచుతుంది. గుర్రపు జీనులు కుట్టేది ఇలాగే.

జామెట్రీ బాక్సులోని డివైడరును అయిదు మిల్లీమీటర్లకు తెరిచి, ఒక ముల్లును తోలు అంచు వెంట నడిపితే రెండో ముల్లు కుట్టు గీత గీస్తుంది. అదే డివైడరును నాలుగు మిల్లీమీటర్లకు తగ్గించి, గీత మీద అడుగులు వేయించండి. ప్రతి అడుగు దగ్గరా ఆరెతో ఒక రంధ్రం. ఆరె అంటే చెప్పులు కుట్టేవారు వాడే, చెక్కపిడి ఉన్న కొనదేలిన ఇనుప సాధనం. దాన్ని తోలుకు నిటారుగా పట్టాలి. వాలిందంటే ముందు తిన్నగా ఉన్న కుట్టు వెనక వంకర పోతుంది. 64 సెం.మీ. కుట్టుకు 160 రంధ్రాలు, ముందూ వెనకా కలిపి 320. భయపడకండి. రోజుకు గంట చొప్పున వారంలో అయిపోతుంది.

దారం మైనం పట్టించినది కావాలి. లేకపోతే తేనెమైనం ముద్ద మీద నాలుగు సార్లు లాగండి. దారం పొడవు కుట్టు పొడవుకు నాలుగు రెట్లు. పక్కపట్టీని అడుగు మధ్యనుంచి మొదలుపెట్టి ఒక పక్కకు, తరువాత మళ్ళీ మధ్యనుంచి రెండో పక్కకు కుట్టాలి. అప్పుడు హెచ్చుతగ్గులు రెండు కొసలకూ సమంగా పోతాయి. ఒక్కో సగం 32 సెం.మీ. కాబట్టి 128 సెం.మీ. దారం, సూదులకు ఎక్కించడానికి మరో జానెడు. బారెడు దారంలో సరిపోతుంది. ముగించేటప్పుడు రెండు మూడు రంధ్రాలు వెనక్కి కుట్టాలి.

వరస మరవకండి. జేబు, మూతకు పెట్టే బకిల్ ముందు కుట్టాలి, ముక్కలు చదునుగా ఉన్నప్పుడే. పక్కపట్టీ కుట్టేశాక లోపలికి చెయ్యి దూరదు. భుజం పట్టీ కొసలను పక్కపట్టీ మీద ఆరు సెం.మీ. మేర ఆనించి, లోపలివైపు మరో తోలు ముక్క ఆసరా పెట్టి, నాలుగు వైపులా చతురస్రంగా కుట్టి, మధ్యలో ఒక రివెట్ వేయాలి. నిలబడి ఉన్నప్పుడు సంచి బరువు రెండు కిలోలే. బస్సు కుదుపుకు పట్టీ మీద పడే లాగు అంతకంటె ఎన్నో రెట్లు. తెగేది ఎప్పుడూ అక్కడే.

6. సంరక్షణ

కుట్టడం అయ్యాక అంచులు కొంచెం తడిచేసి, నున్నటి కర్రతోనో ముతక గుడ్డతోనో వేడి పుట్టేదాకా రుద్దితే గాజులా మెరుస్తాయి. తోలు పొడిబారితే ఆముదం రెండు చుక్కలు గుడ్డకు అద్ది పలుచగా పట్టించండి. మన పెద్దలు కిర్రు చెప్పులకు చేసింది ఇదే. ఎక్కువైతే తోలు మెత్తబడి దుమ్ము పడుతుంది. తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే బిగిసి పగులుతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ కవరులో కట్టి బీరువాలో పెడితే బూజు పడుతుంది. రోజూ వాడే సంచికి ఈ బాధ తక్కువ.

చివరి మాట

నా రెండో సంచి ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. పట్టీ ఒక్క వేలు మేర కూడా సాగలేదు. కాని నేను నేర్చుకున్న పాఠం సంచితో అయిపోలేదు.

మోట బావుల కాలంలో మన పొలాలకు నీళ్ళు తోడింది తోలు బాన. కొన్ని చోట్ల దాన్ని కపిల అన్నారు. ఎద్దులు లాగుతుంటే, కుండల కొద్దీ నీటిని బావిలోంచి పైకి తెచ్చినా కారిపోకుండా నిలిచిన కుట్టు అది. ఆ కుట్టు వేసిన చేతులను మనం ఊరి బయట ఉంచాం. వాళ్ళు కుట్టిన బాన తోడిన నీళ్ళతో పండిన అన్నం తిన్నాం, వాళ్ళను ముట్టుకోలేదు. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. కాని వేపచెట్టు కింద కూర్చున్న మనిషి వైపు చూడకుండా తెగిన చెప్పును కాలితో ముందుకు తోసే అలవాటును ఏ అధికరణమూ మాన్పించలేదు. అది మనమే మానుకోవాలి. నేను పద్నాలుగేళ్ళు అలా తోసినవాణ్ణే. చదువుకున్నవాణ్ణన్న గర్వంతో తోలు మీద కత్తి పెట్టి, ఒక పిల్లవాడి రాత్రి నిద్ర చెడగొట్టాకగాని ఆయన పేరు అడగాలని తోచలేదు.

ఈ వ్యాసంలో ఆయన పేరు వేస్తానంటే వద్దన్నాడు. “పేరెందుకు సారూ, పిల్లలు వస్తే చూపిస్తాను” అన్నాడు. కాబట్టి విద్యార్థి మిత్రులకు నా మనవి ఇదే. సంచి చేయాలనుకుంటే అట్ట నమూనా చేతపట్టుకొని ఒకసారి గేటు దాటి వెళ్ళండి. ముందుగా నమస్కారం పెట్టండి. ఆయన సమయానికి తగిన డబ్బు ఇవ్వండి. తరువాత పక్కన కూర్చొని ఆయన చేతులు చూడండి. మన లాబొరేటరీలో లేని పాఠం ఒకటి అక్కడ ఉంది.